కొత్త జాతులు వేరుపడటం: సంకరాల గొడ్డుతనాన్ని ప్రకృతి వరణం ఎలా సాగనిచ్చింది?

పిచ్చుకగూడు (ప్రశ్న)

నమస్కారం. పరిణామం జరిగిందా లేదా అన్నది నా సందేహం కాదు. జరిగిన దారిలో ఒక్క మెట్టు దగ్గర మాత్రం, ఎన్నిసార్లు చదివినా, నాకు అడుగు ముందుకు పడటం లేదు. తమలో తాము జతకట్టి, తిరిగి సంతానాన్ని కనగలిగే పిల్లలను కనే జీవుల సముదాయమే జాతి అనీ, మరో సముదాయంతో అలా కలవలేకపోవడమే ఆ జాతికి హద్దు అనీ 1942లో ఎర్నెస్ట్ మయర్ చెప్పిన నిర్వచనం పాఠ్యపుస్తకాలన్నింటిలోనూ కనిపిస్తుంది. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిద గొడ్డుది కావడాన్ని అందుకు ఉదాహరణగా చూపుతారు. అక్కడివరకు బాగానే ఉంది.

అయితే ఎక్కువ సంతానాన్ని మిగిల్చే లక్షణాలనే ప్రకృతి వరణం నిలుపుతుందని కూడా అవే పుస్తకాలు చెబుతాయి. సంకర సంతానాన్ని గొడ్డుగా మార్చే ఉత్పరివర్తన, అంటే జన్యువులో మార్పు, ఒక జీవిలో తలెత్తిందనుకుందాం. దాని చుట్టూ ఉన్నవన్నీ పాత రకానివే కనుక, వాటితో కలిసి అది కన్న పిల్లలన్నీ గొడ్డువే కావాలి. అంటే ఆ మార్పు ఒక తరం దాటకుండానే అంతరించాలి. మరి సంతాన నష్టం కలిగించే గుణం ఒక జనాభా అంతటా ఎలా వ్యాపించింది? ఇదే చిక్కును మరోలా అడగవచ్చు: కొత్త జాతికి చెందిన మొట్టమొదటి జీవి ఎవరితో జతకట్టింది? ఏదో విధంగా రెండు సముదాయాలు వేరుపడ్డాయని ఒప్పుకున్నా, అవి మళ్లీ ఒకచోట చేరినప్పుడు కలగలిసిపోకుండా ఆపేది ఏమిటి? "లక్షల సంవత్సరాలు పడుతుంది" అన్న సమాధానం నాకు చాలడం లేదు. ఒక్క అడుగు కూడా వేయలేని చోట ఎంత కాలం ఇచ్చినా ప్రయోజనం ఉండదు కదా.

ఈగలగది

పిచ్చుకగూడు గారూ, మీరు ఆగిన చోటే డార్విన్ కూడా ఆగాడు. 1859 నాటి తన గ్రంథంలో ఆయన సంకరాల కోసం ఒక అధ్యాయమే కేటాయించి, వాటి వంధ్యత్వం ప్రకృతి వరణం ఏరి నిలిపిన లక్షణం కాదనీ, వేరే మార్పుల వెంట అనుకోకుండా వచ్చిపడిన ఫలితమనీ వాదించాడు. అది ఏ విధంగా వచ్చిపడుతుందో మాత్రం చెప్పలేకపోయాడు, ఎందుకంటే జన్యువుల పనితీరు అప్పటికి ఆయనకు తెలియదు. 1909లో విలియం బేట్‌సన్ ఆ దారి కనుగొన్నాడు గానీ ఆయన మాట మరుగునపడింది. తర్వాత థియోడోసియస్ డోబ్‌జాన్‌స్కీ, హెర్మన్ ముల్లర్ విడివిడిగా అదే ఆలోచనకు వచ్చారు. విచిత్రమేమిటంటే, ఆ ఆలోచన ఒక చిన్న కాగితం మీద వివరించగలిగేంత సరళమైనది.

గొడ్డుతనానికి ఒకే ఒక మార్పు కారణమని మీరు అనుకోవడం వల్లనే అడుగు పడటం లేదు. మార్పులు రెండు కావాలి, అవి రెండూ వేర్వేరు చోట్ల జరగాలి. ఒక జనాభాలోని జీవులన్నింటిలో రెండు జన్యువులు 'అ', 'ఇ' అనే రూపాలలో ఉన్నాయనుకుందాం. ఏరు దారి మార్చడం వల్లనో, సముద్రమట్టం పెరగడం వల్లనో ఆ జనాభా రెండుగా చీలింది. ఒక వైపున 'అ' మారి 'ఆ' అయింది. దాని చుట్టూ ఉన్నది 'ఇ' మాత్రమే. 'ఆ'కు 'ఇ'తో ఏ పేచీ లేదు కనుక అది నష్టం లేకుండా, బహుశా లాభంతోనే, ఆ వైపంతా వ్యాపించింది. రెండో వైపున 'అ' అలాగే ఉండి, 'ఇ' మారి 'ఈ' అయింది; 'ఈ'కు 'అ'తో పేచీ లేదు, అదీ వ్యాపించింది. ఇప్పుడు గమనించండి: రెండు వైపులా ఏ ఒక్క జీవీ, ఏ ఒక్క తరంలోనూ సంతాన నష్టాన్ని అనుభవించలేదు. కానీ 'ఆ', 'ఈ' ఒకే శరీరంలో ఎన్నడూ కలిసి పనిచేయలేదు. ఆ రెండూ పొసగుతాయా లేదా అని ప్రకృతి వరణం ఎన్నడూ పరీక్షించలేదు. రెండు వైపుల జీవులు కలిసినప్పుడు పుట్టే సంకరంలోనే ఆ పరీక్ష మొదటిసారి జరుగుతుంది, అందులో తప్పే అవకాశం చాలా ఎక్కువ.

ఇది కాగితం మీది కథ మాత్రమే కాదు. నేను కొన్నేళ్లు పండ్ల ఈగలతో పనిచేశాను, కనుక ఆ ఉదాహరణే చెబుతాను. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఆడ ఈగను డ్రోసోఫిలా సిమ్యులాన్స్ మగ ఈగతో కలిపితే, మగ సంతానం లార్వా దశ దాటదు. అయితే మెలనోగాస్టర్‌లో ఒక జన్యువును గానీ, సిమ్యులాన్స్‌లో మరొక జన్యువును గానీ పనిచేయకుండా చేస్తే ఆ మగపిల్లలు బతుకుతాయి. వాటి సొంత జాతులలో ఆ రెండు జన్యువులూ ఎవరినీ చంపడం లేదు. కలిసినప్పుడు మాత్రమే చంపుతున్నాయి. 'ఆ', 'ఈ' అంటే ఇవే.

దీనికి ఒక గణితం కూడా ఉంది. రెండు సముదాయాల మధ్య పది జన్యువులలో తేడా వచ్చిందంటే, పరీక్షకు నిలవని జోడీలకు అవకాశం 45 చోట్ల ఉంటుంది. తేడాలు ఇరవై అయితే ఆ అవకాశాలు రెట్టింపు కావు, 190కి పెరుగుతాయి. అందువల్ల వేరుపడిన కొత్తలో సంకరాలు బాగానే ఉండి, ఒక దశ దాటాక గొడ్డుతనం త్వరత్వరగా పోగుపడుతుంది.

మరో సాక్ష్యం నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. సంకరాలలో ఒక లింగం మాత్రమే లోపించినా, అరుదైనా, గొడ్డుపోయినా అది రెండు రకాల లింగ క్రోమోజోములున్న లింగమే అవుతుందని 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ గమనించాడు. క్షీరదాలలో, ఈగలలో ఎక్స్, వై క్రోమోజోములున్నది మగది. పక్షులలో, సీతాకోకచిలుకలలో రెండు రకాల క్రోమోజోములున్నది ఆడది. సింహానికీ పులికీ పుట్టిన మగపిల్లలు గొడ్డువి కాగా ఆడపిల్లలు కొన్ని సందర్భాలలో పిల్లలను కన్నాయి. పక్షుల సంకరాలలో ఇది తిరగబడుతుంది. ఎక్స్ క్రోమోజోము ఒక్కటే ఉన్నచోట దానిమీది అంతర్గత లోపాలను, అంటే జతలో బాగున్న ప్రతి ఉంటే బయటపడని లోపాలను, కప్పిపుచ్చే జత ఉండదు, అందుకే పొసగని జోడీ అక్కడ ముందుగా బయటపడుతుంది. ఇది ప్రధానమైన వివరణ. తోడుగా ఇతర కారణాలూ ఉన్నాయి.

ఇక మొట్టమొదటి జీవి ఎవరితో జతకట్టిందన్న ప్రశ్న. అటువంటి జీవి లేదు. ప్రతి తరమూ తన తల్లిదండ్రుల తరంతో జతకట్టగలిగినదే, మార్పు మొత్తం జనాభాతో పాటు సాగింది. 1989లో డయాన్ డాడ్ ప్రకటించిన ప్రయోగంలో ఇది కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఒకే మూలం నుంచి తీసిన ఈగలను ఆమె కొన్ని సీసాలలో పిండిపదార్థం మీద, కొన్నింటిలో మాల్టోజ్ చక్కెర మీద తరాల తరబడి పెంచింది. ఎవరితో జతకట్టాలన్న విషయంలో ఆమె ఏ ఎంపికా చేయలేదు; అయినా చివరకు పిండి ఈగలు పిండి ఈగలనూ, చక్కెర ఈగలు చక్కెర ఈగలనూ ఎక్కువగా ఎంచుకున్నాయి. వేర్వేరు సీసాల పిండి ఈగలు మాత్రం ఒకదానినొకటి దూరం పెట్టలేదు. తిండికి అలవాటు పడటంలోనే జత ఎంపిక కూడా మారిందన్నమాట.

మొక్కలమనిషి

ఈగలగది గారు చెప్పినదంతా సరైనదే, కానీ "అటువంటి జీవి లేదు" అన్న మాట జంతువులను మనసులో పెట్టుకుని అన్న మాట. మొక్కలలో మొట్టమొదటి జీవి ఉంటుంది, ఎవరితో జతకట్టిందన్న ప్రశ్నకు అక్కడ నిజంగానే అర్థం ఉంటుంది.

ఇంగ్లండ్ తీరంలోని ఉప్పుబురదలో పెరిగే స్పార్టినా అనే గడ్డిని తీసుకోండి. అక్కడి స్థానిక జాతికి 60 క్రోమోజోములు. అమెరికా నుంచి ఓడల వెంట వచ్చిన జాతికి 62. 19వ శతాబ్దంలో సౌతాంప్టన్ దగ్గర ఈ రెండింటికీ ఒక సంకరం పుట్టింది, అది గొడ్డుది. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జరిగే కణ విభజనలో, అంటే క్షయకరణ విభజనలో, ప్రతి క్రోమోజోమూ తన జతను వెతుక్కోవాలి. వేర్వేరు జాతుల నుంచి వచ్చిన క్రోమోజోములు సరిగా జతపడకపోతే పుప్పొడి గానీ, అండం గానీ సరిగా తయారు కాదు. అయితే ఆ సంకరంలో ఒకచోట క్రోమోజోముల సంఖ్య రెట్టింపై సుమారు 120కి చేరింది. అప్పుడు ప్రతి క్రోమోజోముకూ తన నకలే జతగా దొరికింది, విత్తనాలు ఏర్పడ్డాయి. ఆ కొత్త గడ్డికి స్పార్టినా ఆంగ్లికా అని పేరు. అది తల్లిదండ్రుల జాతులతో తిరిగి కలిస్తే క్రోమోజోములు బేసి లెక్కలో పడి సంతానం మళ్లీ గొడ్డువే అవుతుంది. పుట్టుకతోనే వేరుపడిన జాతి ఇది.

మరి దానికి జత ఎవరు? చాలా మొక్కలకు జత అక్కర్లేదు. తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందగల పువ్వులున్నవి కొన్ని; భూమిలోపల పాకే కాండంతో ఏళ్ల తరబడి వ్యాపిస్తూ, సరైన సంఘటన జరిగేదాకా వేచి ఉండగలిగేవి మరికొన్ని. ఆ గొడ్డు స్పార్టినా అలా పాకుతూ బతకబట్టే రెట్టింపు జరిగే అవకాశం వచ్చింది.

అమెరికా వాయవ్య ప్రాంతంలోని ట్రాగోపోగాన్ అనే మొక్కల కథ ఇంకా ముచ్చటైనది. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఐరోపా నుంచి మూడు జాతులు అక్కడికి చేరాయి, ఒక్కొక్కదానికి 12 క్రోమోజోములు. 1950లో మారియన్ ఓన్‌బీ అక్కడ 24 క్రోమోజోములున్న రెండు కొత్త జాతులను వర్ణించాడు. తర్వాతి పరిశోధనలలో తేలినదేమిటంటే, ఆ రెండు జాతులూ ఒక్కసారి పుట్టినవి కావు. తల్లిదండ్రులు కలిసి పెరిగిన వేర్వేరు చోట్ల విడివిడిగా, పలుమార్లు పుట్టాయి. ఒకే జాతి మళ్లీ మళ్లీ పుట్టడం అన్న మాట ఎంత వింతగా ఉందో చూడండి!

పనిలో పనిగా కంచరగాడిద గురించి ఒక సవరణ. గుర్రానికి 64, గాడిదకు 62, కంచరగాడిదకు 63 క్రోమోజోములు ఉంటాయి కనుకనే అది గొడ్డుది అని చెప్పి ఊరుకోవడం చాలామందికి అలవాటు. మంగోలియా మైదానాల ప్రెజెవాల్‌స్కీ గుర్రానికి 66 క్రోమోజోములు. పెంపుడు గుర్రంతో దానికి పుట్టిన పిల్లకు 65, అయినా ఆ పిల్ల సంతానాన్ని కనగలదు. బేసి సంఖ్య ఒక్కటే దోషి కాదు. క్రోమోజోముల లోపలి అమరిక ఎంత మారిందన్నది, జన్యువులు ఎంత పొసగుతాయన్నది కూడా లెక్కకు వస్తాయి.

మీ మూడో ప్రశ్నకు, అంటే ఒకేచోట చేరినా కలవకుండా ఆపేది ఏమిటన్నదానికి, ఒక మాట. గొడ్డుతనం చివరి గోడ మాత్రమే. దానికన్నా ముందు చాలా గోడలు ఉంటాయి, ప్రకృతిలో ఎక్కువ పని అవే చేస్తాయి. ఉత్తర అమెరికా పశ్చిమ కొండలలో మిమ్యులస్ అనే మొక్కలు రెండు జాతులు ఉన్నాయి: గులాబీ రంగుదాని దగ్గరికి తేనెటీగలు వస్తాయి, ఎర్రదాని దగ్గరికి హమ్మింగ్‌బర్డ్ పక్షులు వస్తాయి. మనిషి చేత్తో పుప్పొడి అద్దితే సంకరాలు పుడతాయి, కానీ అడవిలో అవి అరుదు, ఎందుకంటే పుప్పొడి మోసేవారే వేరు. పూల రంగును నిర్ణయించే ఒక జన్యుభాగాన్ని ఒకదాని నుంచి మరొకదానిలోకి మార్చి పరిశోధకులు 2003లో చూపారు: ఆ ఒక్క మార్పుతోనే వచ్చే అతిథులు మారిపోయారు. లార్డ్ హౌ అనే చిన్న దీవిలో అక్కచెల్లెళ్లవంటి రెండు తాటిజాతి చెట్లు పక్కపక్కనే పెరుగుతున్నా పూత కాలం కొన్ని వారాలు తేడా కావడం వల్ల ఒకదాని పుప్పొడి మరొకదానికి పెద్దగా అందదు. మధ్యలో కొండ లేదు, నది లేదు. ఉన్నది పంచాంగం మాత్రమే.

అడ్డుప్రశ్న

ఇద్దరూ గోడల గురించి చెప్పారు. గోడలకున్న కంతల గురించి ఎవరూ చెప్పలేదు. ధ్రువపు ఎలుగుబంటికీ గ్రిజ్లీ ఎలుగుబంటికీ పుట్టిన సంకరం 2006లో కెనడాలో దొరికింది. అటువంటి సంకరాలు తిరిగి పిల్లలను కనగలవు కూడా. ఆఫ్రికా వెలుపలి మనుషుల జన్యుసంపదలో సుమారు ఒకటి, రెండు శాతం నియాండర్తాల్ మనుషుల నుంచి వచ్చిందని 2010 నుంచి వచ్చిన పరిశోధనలు చూపాయి. కలవలేకపోవడమే హద్దు అనుకుంటే వీటిని ఏమనాలి? లైంగిక ప్రత్యుత్పత్తి లేని బాక్టీరియాకు, రాతిలో మిగిలిన శిలాజాలకు ఆ నిర్వచనం అసలే వర్తించదు.

వేరుగా "నిలవడం" అన్న మాటను నేను ఇంకా అనుమానంగా చూస్తాను. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో సుమారు 15,000 సంవత్సరాలలో కొన్ని వందల సిక్లిడ్ చేపజాతులు ఏర్పడ్డాయి. అక్కడ దగ్గరి బంధువులైన రెండు జాతులలో ఒకదాని మగచేప ఎర్రన, మరొకదాని మగచేప నీలం; ఆడచేపలు రంగు చూసి తమ జాతి మగవాటిని ఎంచుకుంటాయి. ప్రయోగశాలలో రంగులు తెలియకుండా ఒకే వర్ణపు కాంతి కింద ఉంచితే ఆ ఎంపిక కూలిపోయింది. చుట్టుపక్కల నేలల నుంచి పోషకాలు, మట్టి చేరి సరస్సు నీరు మురికిబారిన చోట్ల బయట కూడా అదే జరిగింది: రంగులు మసకబారాయి, జాతులు కలిసిపోయాయి. ఏ జీవినీ ఎవరూ చంపనక్కర్లేదు, నీటిలో వెలుతురు తగ్గిస్తే చాలు, జాతులు మాయమవుతాయి. కాబట్టి ఈ వేర్పాటు జీవిలో మాత్రమే ఉండేది కాదు. సగం దాని పరిసరాలలో ఉంటుంది.

పిచ్చుకగూడు

అందరికీ కృతజ్ఞతలు. 'ఆ', 'ఈ' ఉదాహరణతో నా మొదటి చిక్కు విడిపోయింది. నేను లోయ దాటాలనుకున్న చోట లోయే లేదని, రెండు గుంపులూ గట్టు వెంట చెరో వైపు నడిచాయని అర్థమైంది. కానీ అందరి మాటల్లోనూ వేర్పాటు ఎప్పుడూ ఏదో ఒకదాని పక్క ఫలితంగానే కనిపిస్తోంది. వేర్పాటు కోసమే ప్రకృతి వరణం పనిచేసిన సందర్భం ఒక్కటైనా ఉందా? ఉంటే అది గొడ్డుతనాన్ని కూడా పెంచగలదా? అలాగే గలాపగోస్ దీవులలో కళ్ల ముందే కొత్త జాతి పుట్టిందని చదివాను, అందులో నిజమెంత?

ఈగలగది

మొక్కలమనిషి గారి సవరణను ఒప్పుకుంటున్నాను. ఈగల మధ్య ఎక్కువ కాలం గడిపితే గడ్డి కనిపించదు.

గలాపగోస్ సంగతి ముందు చెబుతాను, అది చిన్నది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో దశాబ్దాల పాటు ఫించ్ పక్షులను ఒక్కొక్కదానిని గుర్తుపెట్టి గమనించారు. 1981లో దూరపు దీవి నుంచి ఒక పెద్ద మగపక్షి వచ్చి, స్థానిక జాతి ఆడపక్షితో జతకట్టింది. మగపిల్లలు తండ్రి పాటనే నేర్చుకుంటాయి. ఈ సంతతి పాటా, ముక్కు పరిమాణమూ దీవిలోని మిగతావాటికి భిన్నం కావడంతో తర్వాతి తరాలు క్రమంగా తమలో తామే జతకట్టడం మొదలుపెట్టాయి. ఈ వివరాలు 2017లో వెలువడ్డాయి. ఒకే దీవిలో, కొద్దిపాటి పక్షులతో సాగిన ఆ వంశాన్ని జాతి అనడానికి నేను తొందరపడను. కానీ జన్యువుల పేచీ ఏదీ లేకుండానే, నేర్చుకున్న పాట ఒక గోడ కాగలదని అది చూపింది. అంతవరకు దాని విలువ కాదనలేనిది.

వేర్పాటు కోసమే వరణం పనిచేసే సందర్భం తప్పకుండా ఉంది. వేరుపడిన రెండు సముదాయాలు మళ్లీ కలిసినప్పుడు సంకరాలు బలహీనంగానో, గొడ్డుగానో పుడుతుంటే, పరాయివాటితో జతకట్టిన జీవి తన ఋతువును వృథా చేసుకున్నట్టే. కనుక తమవారినే ఎంచుకునే జీవులకు ఎక్కువ మనుమలు మిగులుతారు, ఆ ఎంపిక తరతరానికీ పదునెక్కుతుంది. ఐరోపాలోని రెండు ఫ్లైక్యాచర్ పక్షిజాతులలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పైడ్ ఫ్లైక్యాచర్ మగపక్షి ఒంటరిగా ఉండే ప్రాంతాలలో నలుపు తెలుపు రంగులతో, దాదాపు కాలర్డ్ ఫ్లైక్యాచర్ మగపక్షిలాగే కనిపిస్తుంది. రెండు జాతులూ కలిసి నివసించే మధ్య ఐరోపాలో మాత్రం పైడ్ మగపక్షులు గోధుమరంగుకు మారాయి, అక్కడి పైడ్ ఆడపక్షులు ఆ గోధుమరంగు మగవాటినే కోరుకుంటాయి. ఈ రెండు జాతుల ఆడ సంకరాలు గొడ్డువి. హాల్డేన్ చెప్పినట్టు పక్షులలో ఆడవే ముందు దెబ్బతిన్నాయి. సంకరాలవల్ల నష్టం ఉన్నచోటే తేడా పెరిగింది, లేనిచోట పెరగలేదు. ఈగలలో కూడా జెర్రీ కోయిన్, అలెన్ ఆర్ 1989లో అనేక జాతుల జంటలను పోల్చి ఇటువంటి ధోరణినే చూపారు: ఒకే ప్రాంతంలో ఉండే జంటలలో జత ఎంపిక తేడా త్వరగా ఏర్పడింది, దూరంగా ఉండే జంటలలో నెమ్మదిగా ఏర్పడింది. అయితే సంకరాల గొడ్డుతనం ఏర్పడే వేగంలో మాత్రం అటువంటి తేడా కనిపించలేదు.

ఆ చివరి వాక్యమే మీ రెండో ప్రశ్నకు జవాబు. గొడ్డుతనాన్ని కూడా వరణం పెంచగలదా అన్నదాని మీద 1868లో డార్విన్, ఆల్‌ఫ్రెడ్ వాలెస్ మధ్య ఉత్తరాలు నడిచాయి. పెంచగలదని వాలెస్ అన్నాడు, పెంచలేదని డార్విన్ అన్నాడు. కొంచెం గొడ్డుగా ఉన్న సంకరాన్ని ఇంకా గొడ్డుగా మార్చే జన్యువు ఆ సంకరంతోనే అంతమవుతుంది; పరాయివారిని దూరం పెట్టే జన్యువు మాత్రం సొంత జాతి పిల్లలలో మిగులుతుంది. మీరు మొదటి ప్రశ్నలో చూపిన అడ్డంకి సరిగ్గా ఇక్కడే నిజమవుతుంది, డార్విన్ వైపు నిలుస్తుంది.